మాట వెనుక కథ: హవా

హైదరాబాద్ పాతబస్తీ ఉర్దూలో విమానం హవాయి జహాజ్, విమానాశ్రయం హవాయి అడ్డా. రెండింటికీ మూలం హవా. అరబ్బీలో గాలి అని అర్థం. తెలుగులోకి వచ్చాక గాలి పోయి జోరు మిగిలింది: ఎన్నికలొస్తే ‘ఫలానా పార్టీ హవా’ అని పత్రికలు రాస్తాయి.

పైలట్‌కు కావలసింది మాత్రం అసలైన హవాయే.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలాయి. అక్కడ అరగంటకోసారి ‘మెటార్’ అనే వాతావరణ నివేదిక వెలువడుతుంది. అందులో ‘27012కేటీ’ అని కనిపిస్తే, గాలి 270 డిగ్రీల దిక్కు నుంచి, అంటే పడమటి నుంచి, 12 నాట్ల వేగంతో వీస్తోందన్నమాట. గంటకు సుమారు 22 కిలోమీటర్లు. ఎంత పొదుపైన రాత!

రన్‌వే పేరుదీ అదే లెక్క. దిక్కు డిగ్రీలలో చివరి సున్నా తీసేస్తే 27. అవతలి కొస 09. విమానం గాలికి ఎదురెళ్తే తక్కువ పరుగుతోనే లేస్తుంది. అందుకే నైరుతి రుతుపవనాల్లో పడమటి గాలి బలంగా ఉన్నప్పుడు 27 వైపే వాడతారు. బేగంపేట రన్‌వే కూడా తూర్పు పడమరలుగానే ఉంది. దాని అంకెలూ 09, 27లే.