స్టేడియం సోకు ఆటది.. బిల్లు ఎవరిది?

అమెరికల ఫుట్‌బాల్ అంటే మనం కాలుతోని తన్నే ఆట కాదు. కోడిగుడ్డు లెక్క ఉండే బంతిని చేతుల వట్టుకొని ఉరికే ఆట. ఆడ పెద్ద యూనివర్సిటీల ఆట ఉందంటే లక్ష మంది జమైతరు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంల 1,07,601 సీట్లున్నయి. కానీ సొంత మైదానంల ఏడాదికి జరిగేటివి ఏడెనిమిది ఆటలే. మరి గీ స్టేడియాలను కోట్ల డాలర్లు పెట్టి మల్ల మల్ల బాగు చేసుడు ఎట్ల నడుస్తది? పైసలు యాడికెల్లి వస్తయి?

మొదటి తొవ్వ అప్పు. ముందుగాల బాండ్లు అమ్ముతరు, తర్వాత ఆటల రాబడితోని మిత్తితో సహా తీరుస్తరు. ఇది కొత్త ముచ్చట కాదు. 1927ల మిషిగన్ స్టేడియం కట్టేటప్పుడే 500 డాలర్ల బాండ్లు 3,000 అమ్మకానికి పెట్టిన్రు. కొన్నోళ్లకు సీజన్ టికెట్ల హక్కు గూడ ఇచ్చిన్రు.

రెండోది ఉన్నోళ్ల జేబు. మిషిగన్‌ల 2010ల 22.6 కోట్ల డాలర్లతోని చేసిన మరమ్మతుల ముఖ్యమైనవి అద్దాల సూట్లు, క్లబ్ సీట్లు. మామూలు సీట్లు వంద అమ్మినా రానంత రాబడి ఒక్క సూటు తెస్తది. అందుకే నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ 47,000 సీట్ల పాత స్టేడియాన్ని కూలగొట్టి, 35,000 సీట్లతోనే కొత్తది కట్టవట్టింది. సీట్లు తగ్గినా రాబడి పెరగాలె, గదీ లెక్క. చాలా కాలేజీలల్ల మంచి సీటు కావాలంటే టికెట్ పైసలు చాలవు, ముందుగాల విరాళం ఇయ్యాలె. 2017 దాకా ఆ విరాళంల 80 శాతానికి ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు గూడ ఉండె. అదే ఏడాది వచ్చిన చట్టం దాన్ని తీసేసింది.

మూడోది టీవీ. 1984ల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతోని టీవీ హక్కులు కాలేజీల సంఘం గుప్పిట్లకెల్లి బయటవడ్డయి. అప్పటిసంది యూనివర్సిటీలు జట్లుగా కూడి సొంతంగా బేరం చేస్తున్నయి. నాలుగోది పేరు అమ్ముకునుడు. కంపెనీ పైసలిస్తది, మైదానం దాని పేరు పెట్టుకుంటది.

వింటానికి బాగనే ఉంది. కానీ లెక్క తప్పితే?

కాలిఫోర్నియాల బర్కిలీ యూనివర్సిటీ సంగతి చూడున్రి. దాని స్టేడియం కిందికెల్లే భూకంపాల పగులు పోతది. గట్టి చెయ్యక తప్పలే. 2012ల పూర్తయిన పనికి 32.1 కోట్ల డాలర్లయింది. సీట్ల హక్కును నలభై యాభై ఏండ్లకు ముందే అమ్మి బాకీ తీర్చాలనుకున్నరు. అనుకున్నన్ని అమ్ముడువోలే. ఆఖరికి 2018ల సగానికి పైగా బాకీని క్రీడా విభాగం మీదికెల్లి తీసి యూనివర్సిటీయే నెత్తికెత్తుకుంది. 2021ల ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీకి మైదానం పేరును పదేండ్లకు 1 కోటి 75 లక్షల డాలర్లకు ఇచ్చిన్రు. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ దివాలా తీసింది.

పెద్ద పేరు, పెద్ద టీవీ రాబడి లేని కాలేజీలల్ల బరువు పిల్లల ఫీజు మీద పడ్తది. మనోళ్లు ఎంఎస్‌కు మస్తుగ పోయే నార్త్ టెక్సాస్ యూనివర్సిటీనే తీసుకోన్రి. 2008ల విద్యార్థులే ఓటేసి, కొత్త స్టేడియం కోసం ఒక్కో క్రెడిట్‌కు 10 డాలర్ల క్రీడల ఫీజుకు ఒప్పుకున్నరు. స్టేడియం 2011ల తెరిచిన్రు. ఆ లెక్కన సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు చదివేటోని మీద 90 డాలర్లు. ఓటేసినోళ్లు సదువు అయిపోయి పోయిన్రు. తర్వాత చేరినోళ్లు, ఆ ఆట ఒక్కపారన్న చూడనోళ్లు గూడ కట్టాల్సిందే.

ఇగ ఖర్చు ఇంకా పెరుగుతది. 2025ల కోర్టు ఒప్పుకున్న రాజీతోని కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా పైసలియ్యొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆడి చెమటోడ్చినోళ్లకు వాటా దక్కుడు న్యాయమే. కానీ ఆ పైసలు సూట్లల్ల కూసునేటోళ్ల దగ్గరికెల్లి రావాలె, అప్పు చేసి సదువుకునే పోరగాళ్ల దగ్గరికెల్లి కాదు.

అందుకే తమ్ముడూ, చెల్లే, అమెరికల సీటు వచ్చిందని సంబురవడే ముందు ఫీజు కాయిదం పూర్తిగ చదువున్రి. ట్యూషన్ ఫీజు కింద చిన్న అక్షరాలల్ల క్రీడల ఫీజు ఉన్నదా చూడున్రి. ఉంటే, ఆ స్టేడియంల మీ నాయిన చేసిన అప్పు గూడ ఉన్నట్టే.