దొరికిన తూటాలు

అండమాన్‌లోని డెలానీపూర్‌లో తెలుగు మాట వింతేమీ కాదు. పొట్ట చేతబట్టుకుని ఓడెక్కిన ఉత్తరాంధ్ర కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) అంతటా ఉన్నాయి. వాళ్ళకంటే ముందు సంకెళ్ళతో వచ్చిన తెలుగువాళ్ళూ ఉన్నారు. మన్యం వీరుడు గాం మల్లుదొర వారిలో ఒకరు. ఆయన్ను ఇంతదూరం తెచ్చిన కథలో తూటాల లెక్క ఒకటుంది.

ఆనాటి మన్యంలో తుపాకి అంటే నాటు తుపాకి. గొట్టం నోట్లోంచి మందు పోయాలి, పీచో గుడ్డపీలికో కుక్కాలి, గుళ్ళు వేసి మళ్ళీ కుక్కాలి, కడ్డీతో దట్టించాలి. మందు ఎంతన్నది అరచేతి అంచనా. ఎక్కువైతే గొట్టం చీలి వేళ్ళు పోతాయి, తక్కువైతే గుండు పందిని గిల్లనైనా గిల్లదు. దట్టించేవాడు గొట్టం మీదికి మొహం వంచకూడదు, చుట్ట నోట్లో ఉండగా మందు ముట్టుకోకూడదు. వానకు మందు తడిసిందా, ఇక అంతే సంగతులు. ఈ జాగ్రత్తలన్నీ తెలిసినవాడి చేతిలో అది ఒక్క దెబ్బ తుపాకి. ఇంకో దెబ్బ వేసేలోపు ఎదుటివాడు నాలుగు వేస్తాడు.

అందుకే మల్లుదొర లాంటి మన్యం మనుషులతో బ్రిటిష్ సర్కారు మీద తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు పోలీసు తుపాకుల మీద కన్నేశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. అంత ధైర్యమూ అక్కడినుంచే వచ్చింది, చిక్కూ అక్కడే ఉంది. తూటా ఫ్యాక్టరీ సరుకు. ఇత్తడి తొడుగు, వెనక నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల కొలిచిన మందు, ముందు గుండు. పేలాక మిగిలిన తొడుగును మళ్ళీ నింపడానికి ఆ టోపీలూ, పనిముట్లూ అడవిలో ఎక్కడివి?

కాబట్టి ప్రతి తూటాకూ వివేకం కావాలి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఆ వివేకం కనిపిస్తుంది. ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులనే కొట్టారు. నా మట్టుకు రాజు గెలుపుల్లో ఇదే పెద్దది. ఎవరిని కాల్చకూడదో ముందే తేల్చుకున్న గెలుపు.

సర్కారుకూ లెక్క అర్థమైంది. అక్టోబరులో రాజు దళం అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళితే అక్కడ ఆయుధాల్లేవు, ముందే తరలించేశారు. ఇక కొత్త తూటా రాదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం పొలాల్లో లూయిస్ గన్ అనే మరతుపాకి మోగింది. ఒక్కో తూటా ఆచితూచి వాడుకోవాల్సినవాళ్ళ మీద అది నిమిషానికి వందలు కుమ్మరించగలదు. మనుషులూ పోయారు, తుపాకులూ పోయాయి. తర్వాత దిగిన అస్సాం రైఫిల్స్‌కు కొండలు కొత్త కావు.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. 1924 మే 7న కొయ్యూరులో రాజును చెట్టుకు కట్టి కాల్చారు. నెల తిరిగేసరికి మల్లుదొర అన్న గంటందొరా పోయారు. మల్లుదొర మాత్రం అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చారు. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం జనం ఆయన్ను లోక్‌సభకు పంపారు.