ఆస్తికుడు, నాస్తికుడు, దైష్టికుడు

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన బిలాస్‌పూర్ రైల్వే షెడ్లలో విశ్వకర్మ పూజ జరుగును. లేతు యంత్రములకును, జాకీలకును, పానాలకును బొట్లు పెట్టి పూలదండలు వేయుదురు. మరునాడు ఆ దండలు తీసివేసి, చక్రముల అరుగుదలను గేజి పెట్టి కొలుతురు. దండ వేసి దండము పెట్టినవాడును, ప్రసాదము మాత్రము పుచ్చుకొని ప్రక్కన నిలిచినవాడును వాడు గేజి ఒక్కటే. బ్రేకు పరీక్షలో భక్తునికొక అంకె, నాస్తికునికొక అంకె లేదు. అయినను పని ముగిసి క్వార్టర్లకు చేరిన పిదప వాదము మొదలగును. దేవుని నమ్మినవాడు ఆలోచించుట మానివేసినవాడని ఒకరందురు. నమ్మనివాడు పైపైన చూచి తృప్తిపడువాడని మరియొకరందురు. ఈ వాదమునకు తెలుగువారిలోను, వారు స్థిరపడిన ఈ ఛత్తీస్‌గఢ్ నేలలోను పెద్ద చరిత్ర కలదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడెను. నాగపూరు నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు దాని ప్రధాన మార్గము 1891లో పూర్తియయ్యెను. 1931లో రాయపూర్ – విజయనగరము మార్గము పూర్తియగుటతో ఉత్తరాంధ్రకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును నేరుగా దారి ఏర్పడెను. ఆ దారులవెంట ఫిట్టర్లు, ఫైర్‌మన్‌లు, గుమాస్తాలు వచ్చిరి. వారితో వారి దేవతలును వచ్చిరి. రైల్వే కాలనీ తెలుగువారు చేయు సోలాపురి మాత పూజ అందరెరిగినదే. అదే మూటలో వేమన కూడ వచ్చెను. విగ్రహమునకు నిత్యము దీపము పెట్టు ఇంటనే, రాతికి మ్రొక్కువారిని ఎకసెక్కెమాడిన వేమన పద్యములను పిల్లలు వల్లించుచుండిరి. తెలుగింటిలో భక్తియు దానిపై ప్రశ్నయు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేసినవనవచ్చును.

ఆలోచనలోని లోతును అంకెలతో కొలువజూచినవారును కలరు. వారి పరికరములలో ఒకటి చిన్న లెక్క. బ్యాటు, బంతి కలిసి వెల 110 రూపాయలు. బంతికంటె బ్యాటు వెల 100 రూపాయలు ఎక్కువ. బంతి వెల యెంత? చాలమంది నోట వెంటనే వచ్చు జవాబు పది. సరియైన జవాబు అయిదు. తొందరపాటును అణచుకొని లెక్క సరిచూచుకొనువారు ఎవరని ఈ పరీక్ష అడుగును. 2012లో విల్ జెర్వైస్, ఆరా నోరెంజయాన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించిరి. విశ్లేషణబుద్ధిని మేల్కొలిపినచో దైవవిశ్వాసము కొంత తగ్గునని అందు తేలినట్లు చెప్పిరి. రోడాన్ చెక్కిన ‘ఆలోచనాపరుడు’ శిల్పపు చిత్రమును చూచినంతమాత్రముననే విశ్వాసము సడలెనట! నాస్తికులు సంతోషించిరి. కాని 2017లో ఇతర పరిశోధకులు ఎక్కువమందిపై ఆ శిల్పపు ప్రయోగమును మరల చేయగా అట్టి ఫలితము రాలేదు. మొదటి ప్రయోగము బలహీనమైనదని జెర్వైసే ఒప్పుకొనిరి. 2018లో ఆయనయు, మరికొందరును 13 దేశములలో పరిశీలింపగా, విశ్లేషణబుద్ధికిని నాస్తికత్వమునకును గల సంబంధము అల్పమనియు, దేశమునుబట్టి మారుననియు తేలెను. తమ పేరు తెచ్చిన ఫలితమును తామే అనుమానించుట ఆ పండితుల యోగ్యతకు నిదర్శనము. ప్రశ్న మాత్రము తీరలేదు.

అసలు ఆస్తికుడెవరు, నాస్తికుడెవరు? వ్యాకరణకర్తయైన పాణిని ఈ రెండు పదములను ఒకే సూత్రమున సాధించెను. ఉన్నదను మతి కలవాడు ఆస్తికుడు, లేదను మతి కలవాడు నాస్తికుడు. ఉన్నది, లేదు అనునవి పరలోకమునుగూర్చిన మాటలని వ్యాఖ్యాతలు వివరించిరి. తరువాతి కాలమున వేదమును ప్రమాణముగా అంగీకరింపనివాడు నాస్తికుడను అర్థము స్థిరపడెను. ఇందువలన చిత్రమైన ఫలితము కలిగెను. వేదమును ప్రాణప్రదముగా రక్షించిన మీమాంసకుడు కుమారిలభట్టు జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరింపడు. అయినను అతడు ఆస్తికుడే. పునర్జన్మను, కర్మఫలమును నమ్మి శీలమును పాటించు బౌద్ధుడు నాస్తికుడయ్యెను!

పాణిని సూత్రమున మూడవ పదమొకటి కలదు. వాదించువారు దానిని తరచుగా మరచిపోవుదురు. అది ‘దైష్టికుడు’. దిష్టమనగా విధి. అంతయు విధివ్రాత యను మతి కలవాడు దైష్టికుడు. పెరటి గుమ్మడికాయకు కట్టు దిష్టికిని దీనికిని సంబంధము లేదు. ఉన్నదనువాడును లేదనువాడును విచారించి ఒక నిర్ణయమునకు వచ్చినవారు కావచ్చును. దైష్టికునికి విచారముతో పనియే లేదు. ఈ మూడవవాని కథ మరల రావలసియున్నది.

ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు ప్రాచీననామము దక్షిణకోసలము. 7వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కళింగమునుండి కోసలమునకు వచ్చి, అచ్చటనుండి దక్షిణముగా ఆంధ్రదేశమునకును, పిమ్మట ధాన్యకటకమునకును పోయెను. ఇప్పుడు రైలుబండి పోవు దిక్కుననే అతడు నడచి పోయెననవచ్చును. అతడు చూచిన కోసలమును చరిత్రకారులు సామాన్యముగా ఈ ప్రాంతముగనే గుర్తింతురు. నాగార్జునాచార్యుని గూర్చి అచ్చట విన్న ఐతిహ్యము నొకదానిని అతడు వ్రాసియుంచెను. సింహళమునుండి దేవుడను యువభిక్షువు వాదమునకై వచ్చి వాకిట నిలిచెను. అతడే ఆర్యదేవుడు. నాగార్జునుడు మాటాడక, నిండ నీరు పోసిన పాత్రను శిష్యునిచేత పంపెను. దేవుడును మాటాడక అందొక సూదిని జారవిడిచెను. సూది అడుగునకు పోయెను. పాత్రను చూచి నాగార్జునుడు సంతోషించి అతనిని లోనికి పిలిపించెను. నిండిన నీరు గురువుయొక్క విద్య, అడుగంట దిగిన సూది దానిని తుదివరకు శోధింపగల శిష్యుని బుద్ధి అని ఆ కథకు తాత్పర్యము చెప్పబడినది.

ఈశ్వరకర్తృత్వమును ఖండించిన నాగార్జునుని వైదికులు నాస్తికులలో చేర్చిరి. బౌద్ధలోకము ఆయనను బోధిసత్త్వునిగా పూజించెను. ఒక్క మనుజుడే ఒక వాకిట నాస్తికుడు, వేరొక వాకిట పూజ్యుడు. ఆయన వాదముల లోతు మాత్రము రెండు వాకిళ్లయందును ఒక్కటే.

ఈ లోతును కొలుచుటకు మన పూర్వులవద్ద ఒక సాధనముండెను. దానిపేరు పూర్వపక్షము. తన సిద్ధాంతమును చెప్పుటకు ముందు ప్రతివాది వాదమును, అతడే వచ్చి చెప్పినను అంతకంటె బాగుగ చెప్పలేడన్నట్లు నిలుపవలెను. 14వ శతాబ్దమున వేదాంతియైన మాధవాచార్యుడు ‘సర్వదర్శన సంగ్రహము’ను చార్వాక మతముతో ప్రారంభించెను. చార్వాకుల గ్రంథములు దాదాపుగా నశించినవి. ఈనాడు లోకము వారినిగూర్చి ఎరిగినదానిలో పెద్దభాగము వారి శత్రువులు వ్రాసి దాచినదే. ఒక ఆస్తికుడు నాస్తికుని మాటను అయిదారు శతాబ్దములు సజీవముగా నుంచెననుట చిన్నవిషయము కాదు.

పండితులకే కాదు, గ్రంథములు చదువని జనులకును ఇట్టి విచారము తెలియును. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాసు విగ్రహారాధనను విడువుడని ప్రజలకు బోధించెను. జాతిభేదమును నిరాకరించెను. నాస్తికుడు చేయు సగము పనిని ఆయన చేసెను. చేసి, రూపములేని సత్‌నామమును నిలిపెను. సత్‌నామీల గ్రామములలో తెల్లని జెండాతో నిలుచు జైత్‌ఖామ్ స్తంభము ఆ బోధకు గుర్తు. బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టబడినది. గుడిలోనికి రానీయని మనుజుడు, ఆ గుడిలోని దేవుడెట్టివాడని అడిగిన ప్రశ్నను పైపై ప్రశ్నయనుటకు ఎవరికిని నోరాడదు.

ఇక తెలుగువారి కథ. దానికి ముందు ఒక రైల్వేస్టేషను సంగతి చెప్పవలసియున్నది. బిలాస్‌పూర్ మీదుగా ప్రధాన మార్గము పూర్తియైన 1891లోనే లండనులో ప్రసిద్ధ నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా మరణించెను. భారతదేశ మిత్రుడగుటచే ఆయన అంత్యక్రియలకు అచ్చటి భారతీయులు వెళ్లిరి. బారిస్టరు విద్యార్థి మోహన్‌దాస్ గాంధీయు వెళ్లెను. తిరుగుప్రయాణమున రైలుకై వేచియుండగా ఒక నాస్తికవీరుడు అచ్చటనున్న క్రైస్తవ మతాచార్యుని పట్టుకొనెను. భూమి చుట్టుకొలత ఇంతయని ఒప్పించి, మీ దేవుని కొలతయెంత, ఉనికియెక్కడ అని నిలదీసెను. ఆయన మన ఇద్దరి హృదయములలో నున్నాడని మతాచార్యుడు మెల్లగా చెప్పెను. నాస్తికుడు గెలిచినవానివలె చుట్టును చూచెను. నాస్తికత్వముపై తనకున్న వైముఖ్యము దీనితో పెరిగెనని గాంధీజీ ఆత్మకథలో వ్రాసిరి. అడిగినవానికి జవాబు అక్కరలేదు. అది పూర్వపక్షము కాదు, ప్లాట్‌ఫారము మీది కుస్తీ.

అర్ధశతాబ్దము తరువాత గాంధీజీకి వేరొక నాస్తికుడు తారసపడెను. ఆయన తెలుగువాడు. గోరా అను పేరున ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు 1902లో గంజాం మండలము ఛత్రపురములో జన్మించిరి. ఆ ఊరి మీదుగా పోవు రైలుమార్గము బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసినదియు ఆ సంవత్సరమే. వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొంది అధ్యాపకులైరి. నాస్తికభావముల మూలమున 1933లో కాకినాడలోని ఉద్యోగము పోయెను. ఆ కాకినాడ కళాశాలకే అంతకుముందు బ్రహ్మసమాజీయుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా ఉండిరి. ఏకేశ్వరోపాసకుడైన ఆయనయు కులభేదముతో పోరాడినవారే. ఇద్దరిలో ఎవరు లోతైనవారని తేల్చుటకు పూనుకొనువాడు సాహసి!

గోరా 1940లో కృష్ణామండలము ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి అస్పృశ్యతా నివారణకు పూనుకొనిరి. 1930లోనే వారు గాంధీజీకి లేఖ వ్రాసి, దేవుడను పదమునకు అర్థమేమని యడిగిరి. దేవుడు మానవబుద్ధికి అందనివాడని జవాబు వచ్చెను. 1941లో వచ్చిన జవాబు ఇంకను కఠినము. నాస్తికత్వము ఆత్మను నిరాకరించుటయే యని అందుండెను. గోరా విడువలేదు. 1944 చివర వార్ధా చేరువ సేవాగ్రామమునకు వెళ్లిరి. అది బిలాస్‌పూర్ నుండి నాగపూరు దాటి పోవు మార్గముననే యున్నది.

అచ్చట గోరా దేవుని కొలత అడుగలేదు. కలకత్తాలో 1943 కరవున కన్నులార చూచినదానిని చెప్పిరి. ఆహారముతో నిండిన దుకాణముల యెదుటనే మనుష్యులు ఆకలితో చచ్చిరి. చచ్చువాడు తన కర్మ యనుకొనెను, చూచువాడును వాని కర్మ యనుకొనెను. ఈ తలపును పోగొట్టుటకే తమ నాస్తికత్వమని గోరా చెప్పిరి. పాణిని చెప్పిన మూడవవాడు, దైష్టికుడు, ఇక్కడ బయటపడినాడు. గోరా పోరాటము అతనితోనే. విధిని సాకుగా చూపి అస్పృశ్యతను సమర్థించువారితో జీవితమంతయు పోరాడిన గాంధీజీ పోరాటమును అతనితోనే. తన ఆస్తికత్వమే సరియని గాని, గోరా నాస్తికత్వము తప్పని గాని చెప్పజాలనని, ఇద్దరును సత్యాన్వేషకులేయని గాంధీజీ అనిరి. ఈ మాటకు వారు అప్పటికే సిద్ధపడియుండిరి. దేవుడే సత్యమనుటకు మారుగా సత్యమే దేవుడని 1931లో స్విట్జర్లాండులో చెప్పినప్పుడు, సత్యమును నాస్తికుడును కాదనడని కారణము చూపిరి.

మాటలతో ఇది తీరలేదు. గోరా తమ కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావునకు ఇచ్చుటకు నిశ్చయించిరి. ఆ వివాహమును సేవాగ్రామమున జరిపింతునని గాంధీజీ అంగీకరించిరి. ఆశ్రమ వివాహములలో దేవుని పేర ప్రమాణము చేయు ఆచారముండెను. ఆస్తికుడు తన మంత్రమును విడువవలెనా, నాస్తికుడు తాను నమ్మని మాటను నోట పలుకవలెనా? గాంధీజీ దేవుని పేరు తీసి సత్యము పేరు పెట్టుటకు ఒప్పుకొనిరి. జీవితమంతయు రామనామము జపించిన వృద్ధుడు ఎదుటివాని మనస్సు నొవ్వకుండ ఒక పదమును మార్చుట గొప్ప పూర్వపక్షము.

1948 జనవరి 30న గాంధీజీ హతులైరి. ఆ సంవత్సరము మార్చిలో సేవాగ్రామమున మనోరమ, అర్జునరావుల వివాహము వారు చెప్పిన తీరుననే సత్యము పేర జరిగెను. 1951లో గోరా ఈ సంభాషణలను ఆంగ్లమున గ్రంథముగా వ్రాయగా, అహమ్మదాబాదులోని నవజీవన్ సంస్థ, గాంధీజీ స్థాపించినదే, దానిని ప్రకటించెను. ఆ నాస్తికుని గ్రంథమునకు ఉపోద్ఘాతము వ్రాసినవారు గాంధీజీ అనుచరుడగు కిశోరలాల్ మష్రువాలా.