ప్రతినిధి పాలకుడు ఎవరికి జవాబుదారి? దక్కన్ సుబేదారీ, రోమా అధిపతి పదవి – ఒక పరిశీలన

పీఠిక

లూకా సువార్త 3:1లో ఇద్దరు పాలకుల పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. యూదయలో పొంతి పిలాతు రోమా చక్రవర్తి పంపిన అధిపతి. గలిలయలో హేరోదు చక్రవర్తి దయతో నిలిచిన దేశీయ పాలకుడు. ఒకే సామ్రాజ్యం రెండు పద్ధతులనూ వాడుకున్నది. 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉన్న బాన్సువాడ వంటి ప్రాంతాల వారికి ఈ ఏర్పాటు పరాయిది కాదు. ప్రతినిధిగా పాలించేవాడి అధికారానికి హద్దు ఎవరు? ఆ హద్దు వల్ల మేలు ఎవరికి? ఈ వ్యాసం పరిశీలించేది ఇదే.

1. సుబేదారు, దివాను

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించగా ఆ రాజ్యం మొగలుల హైదరాబాదు సుబాగా మారింది. దక్కన్‌లోని ఆరు సుబాలపై ఒక పెద్ద సుబేదారు ఉండేవాడు. సైన్యం, శాంతిభద్రతలు సుబేదారువి. శిస్తు, ఖజానా లెక్కలు దివానువి. దివాను సుబేదారుకు లోబడక, నేరుగా చక్రవర్తి కొలువుకే లెక్క చెప్పేవాడు. అధికారులను తరచు బదిలీ చేసేవారు. అయితే ఈ కట్టుబాట్లన్నీ చక్రవర్తి రాబడిని కాపాడడానికే గాని, పన్ను కట్టే రైతును కాపాడడానికి కాదు.

2. 1724 తరువాత

మీర్ ఖమరుద్దీన్ ఖాన్ నిజాం-ఉల్-ముల్క్ 1713లో తొలిసారి దక్కన్ సుబేదారు అయ్యాడు. 1722లో ఢిల్లీలో వజీరు పదవి చేపట్టినా కొలువుతో పొసగక దక్కన్‌కు తిరిగివచ్చాడు. చక్రవర్తి మహమ్మద్ షా ప్రోద్బలంతో ఎదిరించిన హైదరాబాదు సుబేదారు ముబారిజ్ ఖాన్ 1724 అక్టోబరులో షకర్‌ఖేడా యుద్ధంలో హతుడయ్యాడు. మరుసటి ఏడు అదే చక్రవర్తి విజేతకు 'ఆసఫ్ జా' బిరుదునిచ్చాడు! నిజాం స్వాతంత్ర్యం ప్రకటించుకోలేదు. 1857 తిరుగుబాటు కాలం వరకు హైదరాబాదు నాణేలపై మొగలు చక్రవర్తి పేరే ఉండేది. కాని నియామకాలు, జాగీర్లు, శిస్తు అన్నీ ఒకే చేతిలోకి వచ్చాయి. పల్లెల్లో శిస్తు వసూలు గుత్తేదార్ల పరమైంది. 1865లో సాలార్‌జంగ్ జిలాబందీతో జీతం తీసుకునే అధికారులను నియమించేదాకా ఈ పద్ధతికి గట్టి అడ్డుకట్ట పడలేదు.

3. ప్రతినిధిపై ప్రతినిధి

1798, 1800 సంధులతో నిజాం సైనికంగా ఇంగ్లీషు కంపెనీపై ఆధారపడ్డాడు. 1858 నుండి గవర్నర్ జనరల్ బ్రిటిషు రాణి ప్రతినిధిగా వైస్రాయి అయ్యాడు. 1925లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బేరారును తిరిగి కోరగా, 1926 మార్చిలో వైస్రాయి లార్డ్ రీడింగ్ బదులిస్తూ, భారతదేశంలో బ్రిటిషు ప్రభుత్వమే సర్వోన్నతమనీ, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానుడు కాడనీ తేల్చాడు. ఒక చక్రవర్తి ప్రతినిధి వారసుడికి మరొక చక్రవర్తి ప్రతినిధి ఇచ్చిన జవాబిది. ఇక్కడ కూడా వాదం సార్వభౌమత్వం గురించే.

అదే నిజాం కాలంలో, 1923–1931 మధ్య, మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. బాన్సువాడ పొలాలకు నీరు వచ్చింది. ఈ మేలును మరువరాదు. అయితే పాలకుడు చేసిన ఉపకారం వేరు, పాలకుణ్ణి ప్రశ్నించే హక్కు వేరు.

4. పిలాతు ఉదాహరణ

1961లో కైసరయలో దొరికిన శాసనం పిలాతును 'ప్రిఫెక్టు' అని పేర్కొన్నది. సమరయుల ఫిర్యాదుపై సురియ అధిపతి విటెల్లియస్ అతణ్ణి కైసరుకు సంజాయిషీ ఇచ్చుకొమ్మని రోముకు పంపినట్లు జోసీఫస్ వ్రాశాడు. అంటే మొర వినే దారి కొంత ఉన్నది. కాని యోహాను 19:12 ప్రకారం పిలాతును లొంగదీసిందీ కైసరు భయమే. పైవాడికి జవాబు చెప్పవలసి ఉన్నందుననే అతడు నిర్దోషిని అప్పగించాడు.

ముగింపు

కనుక పైకి మాత్రమే జవాబు చెప్పే ప్రతినిధి న్యాయం చేస్తాడన్న నమ్మకం లేదు. దక్కన్‌లోనూ యూదయలోనూ చరిత్ర దీనినే చూపుతున్నది. పిలాతు అధికారం పైనుండి ఇవ్వబడినదని యేసు చెప్పినప్పుడు (యోహాను 19:11), ఆ 'పై' కైసరు వద్ద ఆగిపోలేదు. సంఘ కాపరులకు, అధ్యక్షులకు ఉన్నది కూడా అప్పగింపబడిన అధికారమే. తమను నియమించిన వారికి నివేదికలు పంపడంతో వారి బాధ్యత తీరదు. తమ క్రింద ఉన్నవారి మొరకు కూడా వారు జవాబు చెప్పవలసి ఉన్నది.