పొయ్యి నుంచి హీటర్ దాకా: మన ఇళ్లలో వెచ్చదనం ఎక్కడికి పోయింది?



సెలవులకి ఊరెళ్లొచ్చిన తమ్ముళ్లు కొందరు ఒకటే మాట అడుగుతున్నారు. "అన్నా, ఇంటికి రూమ్ హీటర్ కొందామనుకుంటున్నాం, ఏది కొనాలి?" జవాబు చెప్తాం, చివర్లో. కానీ ముందు మాకే ఒక అనుమానం వచ్చింది. ఇదే చలిలో మన తాతలు హీటర్ లేకుండా బతికారు కదా, మరి మనకెందుకు కావాల్సి వచ్చింది?

చలి కొత్తది కాదు. లంబసింగికి కొర్రబయలు అనే పేరు ఉంది. బయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెప్తారు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊళ్లో కొన్నేళ్లు చలి సున్నా దగ్గరికి దిగుతుంది. మంచు చూడ్డానికి కార్లలో వచ్చినవాళ్లు పొద్దెక్కాక వెళ్లిపోతారు, మనవాళ్లు అక్కడే పడుకోవాలి. అటు ఆదిలాబాద్ వైపు సిర్పూర్(యు), తిర్యాణి గూడేల్లో కూడా డిసెంబరు, జనవరిలో అయిదు డిగ్రీల కిందికి పడిపోయిన రాత్రులున్నాయి.

పాత ఇల్లు ఈ చలికి తగ్గట్టే కట్టుకున్నది. మందమైన మట్టిగోడ, కిందికి దిగిన గడ్డికప్పు, నడుమ మూడు రాళ్ల పొయ్యి. పొయ్యి మీద అటక, అటక మీద విత్తనాలు, మొక్కజొన్న కంకులు. ఒక్క నిప్పుతో ఎన్ని పనులో చూడండి. చోడి అంబలి ఉడికేది, ముసలివాళ్లు, పిల్లలు చుట్టూ పడుకునేవాళ్లు, పొగకి విత్తనాలకు పురుగు పట్టేది కాదు, గడ్డికప్పు తొందరగా చివికేది కాదు. రాత్రంతా ఒక మొద్దు నిదానంగా రగులుతూ ఉండేది. పొగ కప్పులోంచి మెల్లగా బయటికి పోయేది. అది మన అమ్మమ్మల కళ్లని, ఊపిరితిత్తుల్ని కూడా తినేసింది. ఆ సంగతి దాచి పాతకాలం అంతా బంగారం అనడం మాకిష్టం లేదు.

ఆ మొద్దు ఎక్కడిది? అడవిది. అసలు తగాదా అక్కడ మొదలైంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అని గీత గీసిన అడవిలో చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం, పశువుల్ని తోలడం నేరాలైపోయాయి. నిన్నటిదాకా ఇంటి పని, ఈరోజు కేసు. పోడు మీద ఆంక్షలు, గూడెం కొండల్లో రోడ్డు పనికి వెట్టి, ఈ కోపాలన్నీ కలిసి 1922 ఆగస్టులో అల్లూరి వెంట నడిచాయి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో కొట్టారు. అది కట్టెల కోసం జరిగిన తిరుగుబాటు అంటే అతిగా ఉంటుంది. కానీ పొయ్యిలోకి కట్టె తెచ్చుకోడానికి ఇంకొకడి అనుమతి కావాల్సిన బతుకు అందులో ఉంది. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమ్రం భీం పోరాటంలోనూ జంగల్ అనే మాట ఊరికే లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కింద వెదురు, తేనెతో పాటు పుల్లకట్టెనీ, మోళ్లనీ కూడా చేర్చింది. తలమోపుగా ఎండుపుల్లలు తెచ్చుకునే అమ్మని ఎవరైనా ఆపితే ఈ మాట గుర్తుండాలి.

అడవి తర్వాత ఏరు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ మొదలైంది. తర్వాత సీలేరు మీద కేంద్రాలు వచ్చాయి. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లది. నీళ్లు మన కొండలవి, మునిగిన ఊళ్లు మనవాళ్లవి. తీగలు మాత్రం మన నెత్తి మీదుగా మైదానానికి పోయాయి. కొన్ని గూడేల్లోకి ఆ కరెంటు దిగడానికి దశాబ్దాలు పట్టింది.

ఈలోగా ఇల్లు మారింది. సర్కారు ఇళ్లు వచ్చాయి, స్లాబు లేదా రేకుల కప్పు, పలచని గోడ. కొత్త గోడ మసిబారుతుందని పొయ్యిని వెనక వసారాలోకి నెట్టాం. 1999లో దీపం, 2016లో ఉజ్వల కింద గ్యాసు పొయ్యిలొచ్చాయి. పొగ తగ్గింది, మంచిదే. కానీ గ్యాసు అన్నం వండుతుంది, గది కాచదు. పొయ్యి బయటికి పోయింది, చలి లోపలికి వచ్చింది. మన ప్రశ్నకి జవాబు ఇదేనని మాకనిపిస్తోంది.

మేం చదివిన ఆశ్రమ పాఠశాలలో అయితే పొయ్యీ లేదు, హీటరూ లేదు. కిటికీకి తలుపులుండేవి కావు. దుప్పట్లు వచ్చేసరికి శివరాత్రి దాటిపోయేది. సీనియర్లు దాచుకున్న వాటర్ హీటర్ రాడ్డు వైర్లని ప్లగ్గు లేకుండా నేరుగా బోర్డులో గుచ్చి, అగ్గిపుల్లతో బిగించేవాళ్లు. బతికి బయటపడ్డాం, అంతే. మీరు ఆ పని చేయకండి.

ఇక హీటర్. షాపువాడు "ఇది కరెంటు తక్కువ తాగుతుంది" అంటే నమ్మొద్దు. ఒక యూనిట్ కరెంటు ఏ హీటర్‌లో కాల్చినా వచ్చే వేడి దాదాపు ఒకటే, ధర ఎంతైనా సరే. తేడా అంతా ఆ వేడి ఎక్కడికి పోతుందన్న దాంట్లో ఉంది. ఫ్యాన్ హీటర్ గాలిని కాస్తుంది. సందులున్న పెంకుటింట్లో, రేకుల ఇంట్లో ఆ గాలి పైనుంచి పారిపోతుంది. ఆయిల్ హీటర్ నిదానం, గది బాగా మూసుకునే స్లాబు ఇంటికి సరిపోతుంది, కానీ ఖరీదెక్కువ. ఎర్రగా వెలిగే రాడ్ హీటర్ ఎదురుగా కూర్చున్న మనిషిని నేరుగా కాస్తుంది, మన పాత పొయ్యిలాగే. మనలో ఎక్కువ ఇళ్లకి 800 వాట్ల రాడ్ హీటర్ చాలని మా అభిప్రాయం. దుప్పటికి, గడ్డికి తగలకుండా దూరంగా పెట్టాలి. పడిపోతే దానంతటదే ఆగే స్విచ్, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి.

లెక్క కూడా చూడండి. 2000 వాట్ల హీటర్ రోజుకి 4 గంటలు వేస్తే 8 యూనిట్లు, నెలకి 240. మన రెండు రాష్ట్రాల్లో అర్హులైన గిరిజన ఇళ్లకి ఉచిత కరెంటు గీత 200 యూనిట్ల దగ్గరుంది. హీటర్ ఒక్కటే ఆ గీత దాటించేస్తుంది. 800 వాట్లది 3 గంటలు వేస్తే నెలకి 72 యూనిట్లే. ఇంకోటి, 2000 వాట్లదానికి దాదాపు 9 ఆంపియర్లు కావాలి, మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. వోల్టేజి 180కి పడిపోయే మన ఊళ్లలో 2000 అని రాసిన హీటర్ ఇచ్చేది 1200 వాట్ల వేడే.

కరెంటు పోయిన రాత్రి బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెట్టి తలుపులేసుకోవద్దు. గడ్డికప్పుకి పొగ పోయే దారి ఉండేది, స్లాబుకి లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కుంపటి వసారాలోనే ఉండనివ్వండి.

మాలో ఒకరి ఇంట్లో ఈ ఏడు రాడ్ హీటర్ కొన్నారు. నానమ్మ మంచం పక్కన పెడితే రెండు రోజులు చూసి, "దీని మీద అంబలి కాగదు కదరా" అని మళ్లీ వెనక వసారాలోకి వెళ్లి కూర్చుంది. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఆ మూడు రాళ్ల పొయ్యిని కువిలో, గోండీలో, కోయలో, సవరలో ఏమని పిలుస్తారో అడిగి రాయండి. రాత్రంతా ఉండే మొద్దు ఏ చెట్టుదో కూడా అడగండి.