కుండీ మట్టిలో కదిలేవి: ఒక ప్రశ్నకు ప్రతిపదార్థం

మూలం: “కుండీ మట్టిలో తెల్లగా ఏవో చిన్న పురుగులు. నీళ్లు పోస్తే ఎగురుతున్నాయి. నారు వాలిపోతోంది. ఆకులు ముడుచుకుంటున్నాయి. చీమలు కూడా పట్టాయి. ఏ మందు కొట్టాలి?”

రావిర్యాల, తుక్కుగూడ, శంషాబాద్ చుట్టుపక్కల ఔటర్ రింగు రోడ్డు వెంట కొత్త ఇళ్లు లేచాయి. బాల్కనీల్లో, మిద్దెల మీద వంగ, టమాట, మిరప నారు పోసుకునేవాళ్లు పెరిగారు. తొలకరి పడగానే వాళ్ల నోట అటూ ఇటుగా ఇవే మాటలు వినిపిస్తాయి. ఈ నాలుగు మాటల్లో అరడజనుకు పైగా వేర్వేరు ప్రాణులు, ఒక తెగులు దాగి ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకే సీసా అడగడం వల్లే మొక్కా పోతోంది, మట్టీ పాడవుతోంది. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

కుండీ మట్టిలో: మన ప్రాంతపు కుండీలో ఉండేది ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు. కుళ్లే పదార్థం, తడి కలిసిన చోట ప్రాణులు పుట్టుకు రావడం సహజం. పురుగు కనిపించిన చోటే దాని గురించి మొదటి ఆనవాలు. మట్టి పైన, కుండీ కింది పళ్లెంలో తిరిగేవాటిలో ఎక్కువ భాగం కుళ్లిన ఆకును, బూజును తిని బతుకుతాయి. ఆకు అడుగున, లేత చిగురులో, వేరును కరుచుకుని ఉండేవి రసం పీల్చేవి. చూడటానికి పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, ఒక తెల్ల కాగితం చాలు.

తెల్లగా: తెల్లవన్నీ ఒకటి కావు. మట్టిని వేలితో కదపగానే ఎగిరి గెంతేవి స్ప్రింగ్‌టెయిళ్లు. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు, రెక్కలుండవు. భూతద్దం కింద చూస్తే పొట్ట అడుగున వెనక నుంచి ముందుకు మడిచిపెట్టుకున్న సన్నని పంగ కనిపిస్తుంది. దాన్ని ఒక్కసారిగా విదిలిస్తే ఒళ్లంతా గాల్లోకి లేస్తుంది. పళ్లెంలో నీళ్లు పోస్తే మునగవు, నీటి మీదే తేలుతూ గెంతుతాయి. స్కాట్లాండ్‌లో సుమారు 40 కోట్ల ఏళ్లనాటి రాతిలో వీటి జాతి శిలాజం దొరికింది. బూజును, కుళ్లిన ఆకును తింటూ ఎరువును మట్టిలో కలిపే జీవులివి. వీటికి మందు అక్కర్లేదు.

గెంతకుండా తెల్ల దారపు ముక్కల్లా మెలికలు తిరిగేవి వానపాముల దగ్గరి చుట్టాలు. తడి, పులుపు ఎక్కువైన ఎరువులో పెరుగుతాయి. మొక్కకు హాని లేదు గానీ నీళ్లు ఎక్కువవుతున్నాయని చెబుతున్నాయి. గాజులా పారదర్శకమైన ఒళ్లు, నల్లగా మెరిసే తల ఉన్న పురుగైతే దాని సంగతి వేరు. కింద ‘ఎగురుతున్నాయి’ దగ్గర చూద్దాం.

తెల్లవాటిలో గట్టి శత్రువు వేరు పిండినల్లి. ఇది పైకి కనిపించదు. కుండీని పక్కకు వంచి మట్టిగడ్డను మెల్లగా బయటికి లాగితే వేళ్ల మీద, కుండీ లోపలి గోడకు తెల్లని మైనపు పొడి అంటుకుని ఉంటుంది, దాని మధ్య కదలీ కదలని పురుగు ఉంటుంది. అలాగే టమాట, బెండ వేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే అది కంటికి కనిపించని నులిపురుగుల పని.

చిన్న పురుగులు: చిన్నదైనా కాళ్లు లెక్కపెట్టాలి. ఆరు కాళ్లుంటే కీటకాల వైపు, ఎనిమిది ఉంటే నల్లి జాతి. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల నల్లికి మాత్రం ఆరే ఉంటాయి. ఆరుద్ర కార్తెకు చెలకల్లో ముఖమల్‌లా మెరుస్తూ కనిపించే ఆరుద్ర పురుగుకూ ఎనిమిది కాళ్లే. అది ఇతర చిన్న జీవుల్ని, గుడ్లను తిని బతికేది. ఎండల్లో వంగ, గులాబీ ఆకుల అడుగున సన్నని గూళ్లు అల్లి రసం పీల్చే ఎర్రనల్లి కూడా ఆ తెగదే. ఒకటి కాపలా, ఒకటి దొంగ. మట్టి మీద చకచకా పరుగెత్తే లేత గోధుమరంగు నల్లులు ఎక్కువగా వేటగాళ్లు, నారుకు మిత్రులు.

నీళ్లు పోస్తే ఎగురుతున్నాయి: ఎక్కడి నుంచి లేచాయో చూడండి. ఆకుల్ని తాకగానే తెల్లని పొడిలా లేచి మళ్లీ ఆకు అడుగునే వాలితే అది తెల్లదోమ. బెండలో ఎల్లో వీన్ మొజాయిక్, టమాటలో ఆకుముడత వైరస్ మోసుకొచ్చేది అదే. అరటితొక్కల చుట్టూ తిరిగే, ఎర్ర కళ్లున్న బొద్దు ఈగలు పండు ఈగలు, మొక్కతో వాటికి పనిలేదు.

మట్టిలోంచి లేచి పొడవాటి కాళ్లతో తూలుతూ ఎగిరే నల్లని బక్క దోమలు ఫంగస్ నాట్స్. రెక్క మీద ఇంగ్లిషు వై అక్షరంలాంటి ఈనె వీటి గుర్తు. పెద్ద దోమ కుట్టదు, మొక్కను తినదు. తినేది మట్టిలోని పిల్ల, అదే ఆ నల్ల తల పురుగు. బూజుతో కడుపు నింపుకుంటూ లేత వేళ్ల నూగును కూడా కొరుకుతుంది. ఉందో లేదో తేల్చుకోవాలంటే బంగాళాదుంప ముక్క కోసి, కోసిన వైపు మట్టికి ఆనేలా పెట్టి రెండు మూడు రోజులాగి తిప్పి చూడండి. నల్ల తలలు ముక్కను పట్టుకుని ఉంటే అనుమానం తీరినట్టే. గుడ్డు నుంచి దోమ దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి ఒక్కరోజు చికిత్సతో పోవు, నెలరోజులు ఓపిక పట్టాలి.

నారు వాలిపోతోంది: ఇక్కడ తొందరపడితే మోసపోతాం. వాలిన మొక్కను మొదలు దగ్గర చూడండి. నేలను ఆనుకుని కాండం నీళ్లు పట్టినట్టు మెత్తబడి, సన్నబడి విరిగిపోతే అది నారుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా అనే సూక్ష్మజీవుల పని. నారు ఒత్తుగా పోసి రోజూ తడిపితే ముదురుతుంది. పురుగు మందు దీనికి పనిచేయదు. ఫంగస్ నాట్ పిల్లలు కొరికిన గాట్లలోంచి ఈ తెగులు సులువుగా లోపలికి వెళ్తుంది, అందుకే రెండూ తరచూ ఒకే ట్రేలో కనిపిస్తాయి. రెంటికీ మూలం ఒకటే: ఆరని తడి.

ఆకులు ముడుచుకుంటున్నాయి: మిరప వేసే రైతు దీన్ని రెండుగా చెబుతాడు, పైముడత, కిందిముడత అని. అంచులు పైకి లేచి ఆకు దోనెలా మారితే తామర పురుగు. అంచులు కిందికి వంగి ఆకు సన్నగా పొడుగ్గా మారితే నల్లి. ఈ తేడా తెలిస్తే సగం నిర్ధారణ అయినట్టే. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు తట్టండి. సన్నగా, పొడుగ్గా ఉండి పాకేవి తామర పురుగులు. ఆకు మీద వెండి రంగు చారలు, వాటి మధ్య నల్లని రెట్ట చుక్కలు ఉంటాయి. 2021లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటల్ని పూతలోనే మాడ్చిన నల్ల తామర పురుగు ఈ జాతిలోదే. అది మన దేశంలో మొదట 2015లో బొప్పాయి మీద కనిపించింది.

చీమలు కూడా పట్టాయి: చీమ దారి చూపుతుంది. అది ఎక్కే కొమ్మ చివర పేనుబంకో, పిండినల్లో కారుస్తున్న తీపి జిగురు ఉంటుంది. ఆ జిగురు మీదే నల్లని మసి బూజు పడుతుంది. పేనుబంక ఆడపురుగు జత కట్టకుండానే పిల్లల్ని కంటుంది, అందుకే వారంలో చిగురంతా నిండిపోతుంది. ఆ గుంపు మధ్యే వాటిని తినేది కూడా ఉండొచ్చు. అక్షింతల పురుగు పిల్ల నల్లగా, ముళ్లతో, తల్లికి పోలిక లేకుండా ఉంటుంది. పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ పిల్ల ఒంటి నిండా తెల్ల మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. కాని చురుగ్గా కదులుతుంది. శత్రువనుకుని మనం నలిపేసేది చాలాసార్లు దాన్నే.

ఏ మందు కొట్టాలి: చివరి మాటకు చివర్లోనే జవాబు. పైపొర ఒక అంగుళం ఆరేదాకా నీళ్లు ఆపండి, ఫంగస్ నాట్స్ బాగా తగ్గుతాయి. వాటికీ తెల్లదోమకూ పసుపు జిగురు అట్టలు, తామర పురుగుకు నీలం అట్టలు పెట్టండి. పేనుబంకను, ఎర్రనల్లిని ఆకు అడుగున నీళ్ల ధారతో కడగండి. అప్పటికీ ఆగకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి. కార్బోఫ్యూరాన్ లాంటి గుళికలు ఇంటి కుండీల్లో వేయకండి. అది మనుషులకూ పక్షులకూ ఘోరమైన విషం, రేపు ఆ కుండీలోదే మనం కోసుకునే కొత్తిమీర.

తాత్పర్యం: ఎక్కడుంది, ఎలా కదులుతోంది, ఎన్ని కాళ్లు, మొక్కలో ఏ భాగం దెబ్బతింది, ఈ నాలుగూ తేలాకే చేయి మందు వైపు వెళ్లాలి.

విశేషం: రావిర్యాలకు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో జాతీయ వృక్ష ఆరోగ్య నిర్వహణ సంస్థ ఉంది. 1966లో సస్యరక్షణ శిక్షణ కేంద్రంగా మొదలై 2008లో ఈ రూపానికి వచ్చింది. అక్కడ రైతులకు, అధికారులకు నేర్పే పద్ధతిలో మందు కంటే ముందు పురుగుల్ని, వాటిని తినే మిత్రుల్ని లెక్కపెట్టాలి. రెండు శత్రు పురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే సాధారణంగా ఆగి చూడమంటారు. మిద్దె మీద కూడా ఇది సాధ్యమే.

శంషాబాద్ విమానాశ్రయంలో దిగే మనవాళ్లు ముచ్చటపడి విదేశీ మొక్క తెచ్చుకోవాలనుకుంటారు. మొక్కతో పాటు మట్టి తేవడాన్ని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు నిషేధించింది. కారణం ఉంది. బయటి నుంచి వచ్చిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడి తోటల్ని తుడిచిపెట్టింది. దాని స్వస్థలపు పరాన్నజీవి కందిరీగను 2010లో తెప్పించి వదిలాకే అదుపులోకి వచ్చింది. నర్సరీ నుంచి కొత్త మొక్క తెచ్చినా ఇలాంటి జాగ్రత్తే పాటించండి. రెండు వారాలు విడిగా ఉంచి, ఆకు అడుగులు, వేళ్లు చూశాకే మిగతావాటి పక్కన పెట్టండి. మన మిద్దె మీది తెల్లదోమే మహేశ్వరం టమాట చేను మీదా వాలుతుంది. గుర్తించకుండా మందు మీద మందు కొట్టి మనం మొండిచేసిన పురుగుతో రేపు వేగాల్సింది ఆ రైతే.