పాలమూరు సంఘాలకు పై అంతస్తు ఎలా వచ్చింది?

వానలు మొండిచెయ్యి చూపిన ఏడాది పాలమూరు పల్లెల్లో గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే దిక్కు. ఆ పైసలతో పాత బాకీయో, బిడ్డ పెళ్ళి అప్పో తీర్చి, ఇంటిల్లిపాదీ దూరదేశం పనికి బయలుదేరేవాళ్ళు. అడ్వాన్సు చెల్లేదాకా తిరిగి రావడం ఉండదు. ఊళ్ళో ఉండిపోదామంటే షావుకారి మిత్తి నూటికి నెలకు మూడు రూపాయలు, ఒక్కోసారి ఐదు.

1990ల మొదట్లో మహిళా సంఘాలు కొత్తేమీ కాదు. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక పోరాటం వెంట పొదుపు ఉద్యమం లేచింది. నాబార్డు 1992లోనే సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. అయినా ఒక చిక్కు మిగిలింది. సంఘంలో ఉన్నది పదీ పదిహేను మంది. అందరిదీ ఒకే ఊరు, అందరూ ఒకే చెరువును నమ్ముకున్నవాళ్ళు. కరువొస్తే అందరి చేతులూ ఒకేసారి ఖాళీ అవుతాయి. అప్పుడు ఎవరు ఎవరికి అప్పివ్వాలి?

దీనికి జవాబు వెతికే అవకాశం బయటి నుంచి వచ్చింది. 1993లో ఢాకాలో జరిగిన సార్క్ సమావేశం పేదరిక నిర్మూలనను ముందుకు తెచ్చింది. ఆ ఊపులో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ‘సాపాప్’ అనే ప్రయోగం చేపట్టి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాలను ఎంచుకుంది. ఐఏఎస్ అధికారి కె. రాజు దాన్ని నడిపించారు. అక్కడే సంఘాల మీద గ్రామైక్య సంఘం, దాని మీద మండల సమాఖ్య నిలబడ్డాయి. ఒక ఊరి కష్టాన్ని మండలం మొత్తం పంచుకునే ఏర్పాటిది. 1944లో బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు కూర్చుని అంతర్జాతీయ ద్రవ్యనిధికి రూపమిచ్చిన ఆలోచన కూడా ఇలాంటిదే: తలా కొంత వెయ్యాలి, ఆపదలో ఉన్నవాళ్ళు వాడుకోవాలి, మళ్ళీ కట్టాలి.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ‘సెర్ప్’ ఏర్పడింది. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు ఆరు జిల్లాల ‘వెలుగు’ పథకానికి 11.1 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఆ ఆరింటిలో మహబూబ్‌నగర్ ఒకటి. 2003లో మరో 15 కోట్ల డాలర్లతో మిగతా 16 గ్రామీణ జిల్లాలకు విస్తరించింది.

నాకు గొప్పగా తోచేది ఆ డాలర్ల లెక్క కాదు, సొమ్ము దిగిన తీరు. ‘వెలుగు’ కింద ఇచ్చే సామాజిక పెట్టుబడి నిధి సమాఖ్య చేతికి వచ్చేది. ఏ ఇంటికి ఎంత, ఏ పనికి, ఎన్ని కంతులు అన్నది సంఘంలో చాప మీద గుండ్రంగా కూర్చుని తేల్చేవాళ్ళు. తీర్మానం రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేసేవాళ్ళు. కట్టిన కంతు తిరిగి సమాఖ్యకే చేరి మరో ఇంటికి వెళ్ళేది. బియ్యం అప్పు సంగతి చూడండి. ఎవరింటికి ఎన్ని కిలోలు కావాలో జాబితా రాసుకుని, గ్రామైక్య సంఘం టోకున బేరమాడి బస్తాలు తెచ్చేది. తీసుకున్నవాళ్ళు కంతుల్లో తీర్చేవాళ్ళు. పనుల్లేని నెలల్లో తిండిగింజల కోసం షావుకారి గడప తొక్కే అవసరం అట్లా తగ్గింది.

ఈ కట్టుకు గట్టి పరీక్ష 2010లో వచ్చింది. సంఘం అప్పు చాలక, సమయానికి అందక, ఆడవాళ్ళు మూడు నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీల దగ్గర కూడా అప్పులు చేశారు. వారం వారం వసూళ్ళు, వేధింపులు, ఆత్మహత్యల వార్తలు. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలకు కళ్ళెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు కుప్పకూలాయి, కంపెనీలకు అప్పిచ్చిన బ్యాంకులూ కంగారుపడ్డాయి. రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీని వేసి 2011లో కొత్త నిబంధనలు తెచ్చింది. ఆర్డినెన్సు అవసరమే. కానీ అప్పు దొరికే ఒక దారి మూసుకుపోయింది కాబట్టి ఇంకో దారి తెరవాల్సి వచ్చింది. 2011లో సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్థాపించుకున్న ‘స్త్రీనిధి’ ఆ దారే. దరఖాస్తు పెట్టిన 48 గంటల్లో అప్పు అందించాలన్నది దాని లక్ష్యం.

అదే ఏడాది కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌ను మొదలుపెట్టింది. ప్రపంచ బ్యాంకు దానికి వంద కోట్ల డాలర్లు ఇచ్చింది. మన సంఘాల మహిళలు బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్ళి సంఘం ఎట్లా కట్టాలో అక్కడి ఆడవాళ్ళకు నేర్పారు.

ప్రపంచ బ్యాంకు పథకాల గడువు తీరిపోయింది. పొదుపు మాత్రం సాగుతోంది. ఇప్పుడు ప్రభుత్వాలు చేయాల్సినవి రెండే: సంఘాల బ్యాంకు అప్పుల మీద ఇచ్చే మిత్తి రాయితీని గడువు దాటకుండా జమ చేయాలి, సంఘం పుస్తకాలు రాసేవాళ్ళకు నెలనెలా జీతం ఇవ్వాలి.